డాలరు తగ్గేదాకా ఆగాలా? ఆగితే నెలకు ఎన్ని పైసలు పడుతుందో లెక్క

జూలై వచ్చిందంటే అమెరికా ఫాల్ సెమిస్టర్ ఫీజు నోటీసు వస్తుంది, వెనకే ఇంట్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: "ఇవాళ రేటు ఎక్కువుంది, రెండు వారాలు చూద్దామా?" రెండు వారాల తర్వాత రేటెంత ఉంటుందో చెప్పగలమనే వాళ్లని నమ్మకండి. 2011 జూలైలో డాలరు 45 రూపాయల లోపే ఉంది. 2013 ఆగస్టు చివర్లో 68 దాటింది. ఇక 70 ఖాయమని అందరూ అనుకుంటుండగా అక్టోబరుకల్లా 61-62కి దిగొచ్చింది. 2025 డిసెంబరు మొదటి వారంలో 90 దాటింది. రేటు ఎటు పోతుందో మనకు తెలియదు. ఆగితే ఎంత ఖర్చో, తొందరపడితే ఎంత ఖర్చో మాత్రం కాగితం మీద రెండు నిమిషాల్లో తేలుతుంది.

లెక్క ఇది: రేటును ఏడాది వడ్డీతో గుణించి 12తో భాగించండి. డాలరు 90, ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ 10.5 శాతం అనుకుంటే ఒక డాలరుకు నెలకు 79 పైసలు వస్తుంది. ఈ 79 పైసలను ఆ డబ్బుకు మీరు కట్టే అద్దె అనుకోండి. రేటు గురించి తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ అద్దెతో పోల్చి చూడాలి.

ఉదాహరణకు "రూపాయి ఇంకా పడేలా ఉంది, జనవరి సెమిస్టర్ డబ్బు కూడా అక్టోబర్లోనే లోన్ నుంచి తీసి కట్టేద్దాం" అనుకున్నారు. మూడు నెలల ముందే తీస్తే డాలరుకు 2 రూపాయల 36 పైసల వడ్డీ అదనం. ఆ మూడు నెలల్లో డాలరు 92.36 దాటితేనే మీకు లాభం. 2011 నుంచి 2025 దాకా రూపాయి సగటున ఏడాదికి 5 శాతం చొప్పున పడింది, అంటే 90 దగ్గర నెలకు 37-38 పైసలు. అద్దేమో 79. కాబట్టి భయపడి లోన్ ముందే తీయడం సగటున నష్టపు బేరం. అవసరమైన సెమిస్టరుకు, అవసరమైనప్పుడే తీయండి.

సొంత డబ్బయితే లెక్క తిరగబడుతుంది. సేవింగ్స్ ఖాతాలో 3 శాతానికి పడి ఉన్న డబ్బుకు అద్దె, అంటే మీరు వదులుకునే వడ్డీ, నెలకు 22 పైసలే. ఫీజు బిల్లు వచ్చేసి, డబ్బు సేవింగ్స్‌లోనే ఉంటే ఆగడంలో అర్థం లేదు, కట్టేయండి. 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే 52 పైసలు. దాని మీద 30 శాతం పన్ను పోతే 36. రూపాయి సగటున పడే 37-38 పైసలకు అది దగ్గరే, అప్పుడు ఎటైనా ఒకటే, నిద్ర పట్టే దారి చూసుకోండి.

లోన్ రూపాయల్లో శాంక్షన్ అవుతుంది, ఫీజు డాలర్లలో పెరుగుతుంది. చాలా ఇళ్లలో చివరి సెమిస్టర్లో చేబదులు కోసం పరుగెత్తేది ఇందుకే. డాలరు 85 ఉన్నప్పుడు శాంక్షనైన 40 లక్షలంటే 47,000 డాలర్ల పైచిలుకు. 90 అయ్యేసరికి అవే 40 లక్షలు 44,444 డాలర్లు. ఎవరి తప్పూ లేకుండానే 2,600 డాలర్లు ఆవిరి. అందుకే శాంక్షన్ అడిగేటప్పుడు ఆ రోజు రేటు మీద ఆరేడు రూపాయలు ఎక్కువ వేసి అడగండి. తీసుకోని మొత్తానికి వడ్డీ పడదు. ప్రాసెసింగ్ ఫీజు శాంక్షన్ మొత్తం మీద వేస్తారేమో మాత్రం కనుక్కోండి. వీసా ఇంటర్వ్యూకీ ఇది అవసరమే: యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం ఐ-20లో ఖర్చు డాలర్లలో ఉంటుంది, మీ లోన్ లెటరు రూపాయల్లో ఉంటుంది, ఆ మధ్యలో రేటు జరిగితే కాగితం మీద డబ్బు చాలకుండా పోతుంది.

బ్యాంకులో బేరం

రేటు కదలికకు భయపడే వాళ్లు కూడా బ్యాంకు మార్కెట్ రేటు మీద తన లాభంగా కలుపుకునే మార్జిన్ అడగరు. కొన్నిసార్లు నెల రోజుల కదలిక కంటే ఆ మార్జినే ఎక్కువ.

బ్యాంకు రోజూ పొద్దున ఒక ధరల పట్టిక పెడుతుంది. దాన్నే కార్డ్ రేటు అంటారు. జేబులో ఉండే కార్డుకూ దీనికీ సంబంధం లేదు. అందులో టీటీ (ఖాతా నుంచి ఖాతాకు పంపే డబ్బు) బయింగ్, టీటీ సెల్లింగ్, ట్రావెల్ కార్డ్, కరెన్సీ నోట్లు అని గళ్లుంటాయి. మనం విదేశానికి పంపేటప్పుడు బ్యాంకు మనకు డాలరు అమ్ముతోంది కాబట్టి చూడాల్సింది టీటీ సెల్లింగ్. సాధారణంగా అన్నిటికంటే చవక అదే, దాని మీద ట్రావెల్ కార్డు, అన్నిటికంటే ఖరీదు నోట్లు.

పెద్ద మొత్తం పంపేటప్పుడు ఆ పట్టికలోని రేటే కట్టాలని లేదు. ఇలా చేయండి. ముందు రోజే కాగితాలన్నీ ఇచ్చేయండి: ఏ2 ఫారం (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు), పాన్, పాస్‌పోర్ట్, ఐ-20, ఫీజు ఇన్‌వాయిస్, యూనివర్సిటీ బ్యాంకు వివరాలు. ఖాతాలో మొత్తం సిద్ధంగా ఉంచండి. మర్నాడు పదీ పదకొండు మధ్య మార్కెట్ రేటు (బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకునే ఇంటర్‌బ్యాంక్ రేటు) ఫోన్‌లో చూసి బ్రాంచికి ఫోన్ చేసి, "ఇంటర్‌బ్యాంక్ మీద ఎన్ని పైసలకిస్తారు? రేటు ఖాయమైతే ఇప్పుడే డీల్ బుక్ చేయండి" అనండి. "ఇవాళ రేటెంత?" అని అడిగితే పట్టిక చదివి వినిపిస్తారు. "ఎన్ని పైసలు?" అని అడిగితే ఫారెక్స్ డెస్కుకు ఫోన్ కలుపుతారు. మాట మారితే మనిషి మారతాడు.

తేడా ఎంతో చూడండి. మార్కెట్ 90.00, కార్డ్ రేటు 91.60, బేరమాడితే 90.45. పంపాల్సింది 18,000 డాలర్లు. పట్టిక రేటుకైతే మార్జిన్ కింద 28,800 రూపాయలు, బేరమాడితే 8,100. ఒక ఫోన్ కాల్‌కు 20,700 మిగులు. జీఎస్టీ గురించి అంత కంగారు అక్కర్లేదు. అది మొత్తం మీద కాదు, నిబంధనల్లో చెప్పిన చిన్న విలువ మీద పడుతుంది. 10 లక్షలు దాటితే 5,500, దాని పైన ఉన్న మొత్తంలో 0.1 శాతం కలిపి, ఆ వచ్చిన దాని మీద 18 శాతం. 16,28,100 రూపాయలకు దాదాపు 1,103 అవుతుంది.

రూపాయి మార్కెట్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. ఆ తర్వాత, శని ఆదివారాల్లో ఇచ్చే రేటులో సోమవారం ఏమవుతుందోనన్న భయం కూడా కలిపి వేస్తారు. గడువు ఆదివారం అయితే గురువారమే కట్టేయండి.

పంపేటప్పుడు ఛార్జీల గడిలో "అవర్" (ఛార్జీలన్నీ మనవే), "షేర్" (ఛార్జీలు చెరికొంత) అని రెండుంటాయి. "షేర్" పెడితే దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు పదిహేనో పాతికో డాలర్లు కోసుకుంటుంది. 18,000 పంపితే 17,975 చేరుతుంది. ఆ 25 డాలర్లకు యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెట్టొచ్చు. ఆ 25 మళ్లీ పంపాలంటే ఇంకో టీటీ ఛార్జీ. ఫీజుకు ఎప్పుడూ "అవర్" పెట్టండి, రిమార్క్స్‌లో స్టూడెంట్ ఐడీ రాయించండి. ఫ్లైవైర్, కన్వెరా లాంటి ఆన్‌లైన్ ఫీజు చెల్లింపు వేదికల్లో రూపాయల మొత్తం చూపించి, ఆ కోట్‌ను నిర్ణీత గడువు దాకా ఖాయం చేస్తారు. ఛార్జీ సున్నా అని ఉన్నా మార్జిన్ రేటులోనే ఉంటుంది. మొత్తం రూపాయలను డాలర్లతో భాగించి, వచ్చిన అంకెను బ్యాంకు చెప్పిన రేటు పక్కన పెట్టి చూడండి. పోలికకు పనికొచ్చే అంకె అదొక్కటే.

ఇక టీసీఎస్ సంగతి, అంటే విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగానే పట్టే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి, గుర్తింపున్న ఆర్థిక సంస్థ లోన్‌తో కట్టే ఫీజుకు టీసీఎస్ లేదు. సొంత డబ్బయితే ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షలు దాటిన భాగానికే పడుతుంది. శాతం బడ్జెట్లలో మారుతుంటుంది కాబట్టి పంపే రోజున బ్యాంకులో అడగండి. తండ్రి పాన్‌కు 10 లక్షలు, తల్లి పాన్‌కు 10 లక్షలు విడివిడిగా ఉంటాయి. ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలోంచే వెళ్లాలి. డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ కోడ్ ఎస్ 0305, అంటే చదువు, ఫీజు, హాస్టల్ ఖర్చు, అని పడిందో లేదో రసీదులో చూసుకోండి. కుటుంబ పోషణ అని పడితే శాతం ఎక్కువ అవుతుంది. పట్టిన టీసీఎస్ ఎటూ పోదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పాన్ మీద ఉండే పన్ను వివరాల్లో కనిపిస్తుంది, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటో రీఫండో అవుతుంది. కాకపోతే ఆ డబ్బు అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. దానికీ అద్దె లెక్క వేసుకోవచ్చు.

అక్కడ దిగాక

నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు కానీ అంత అక్కర్లేదు. 300-500 చాలు. 50,000 రూపాయలకు మించి కొంటే నగదు ఇచ్చి కొనలేరు, ఖాతా నుంచే కట్టాలి. ఎయిర్‌పోర్టు కౌంటర్ అత్యవసరానికే. ఫారెక్స్ కార్డులో (ముందే డాలర్లు వేసుకునే ట్రావెల్ కార్డు) డబ్బు వేసిన రోజు రేటే ఖాయమవుతుంది. డాలర్లు వేసిన కార్డును దారిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాఫీకి గీకితే డాలరు నుంచి యూరోకు మార్చినందుకు ఇంకో ఛార్జీ పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మంది పడే గొయ్యి స్వైపింగ్ మిషన్ మీద కనిపిస్తుంది. భారతీయ కార్డు పెట్టగానే "రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా?" అని అడుగుతుంది. మన కరెన్సీ కదా అని రూపాయలు నొక్కుతారు. అప్పుడు రేటు నిర్ణయించేది అవతలి వాళ్లు. 200 డాలర్ల బిల్లుకు 95.40 చొప్పున 19,080 చూపిస్తుంది. డాలర్లు నొక్కి ఉంటే 18,000, మీ కార్డు 3.5 శాతం మార్కప్ 630, దాని మీద జీఎస్టీ 113, వెరసి 18,743. పైగా విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి చాలా బ్యాంకులు విడిగా ఛార్జీ వేస్తాయి. ఏటీఎంలో ఇదే ప్రశ్నకు "డిక్లైన్ కన్వర్షన్" నొక్కండి. డబ్బు రాదేమోనని భయం వద్దు, వస్తుంది. హోటల్ డిపాజిట్ లాంటి వాపసు వచ్చే మొత్తాలను భారతీయ కార్డు మీద పెట్టకండి. పోయేటప్పుడు ఒక రేటు, వచ్చేటప్పుడు ఒక రేటు, మధ్యలో మార్కప్.

అక్కడి బ్యాంకు ఖాతా తెరవగానే రెండు మూడు నెలల అద్దె, తిండి ఖర్చు అందులో డాలర్లలోనే ఉంచండి. ప్రతి నెలా ఇంటి నుంచి తెప్పించుకుంటే ప్రతి నెలా రేటు పరీక్ష రాసినట్టే.

జీతం మొదలయ్యాక

ఇప్పుడు మీరు గట్టు మారారు. డాలరు ఎంత పెరిగితే అంత మంచిది. అయినా అద్దె మాత్రం అదే 79 పైసలు. 10.5 శాతం లోన్ నెత్తి మీద పెట్టుకుని "90 ఉంది, 92 వచ్చాక పంపుతా" అని మూడు నెలలు ఆగితే, 92 వచ్చినా నష్టమే. 92.36 రావాలి. లోన్ ఉన్నన్నాళ్లూ జీతం పడిన వారంలో పంపేయడమే మేలు. లోన్ లేకుండా ఊరికే దాచుకునే డబ్బయితే ఆగొచ్చు, తొందరేం లేదు. 2026 జనవరి నుంచి అమెరికాలో నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కుతో పంపే రెమిటెన్సుకు 1 శాతం పన్ను ఉంది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. తమ్ముడిదో చెల్లిదో ఫీజు డాలర్లలో కట్టే రోజు దగ్గరుంటే ఆ డబ్బును రూపాయల్లోకి మార్చి మళ్లీ డాలర్లు కొనకండి, అక్కడి నుంచే కట్టండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకూ ఇదే లెక్క, ఇంకా పదునుగా. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర, సౌదీ రియాల్ 1986 నుంచి 3.75 దగ్గర కట్టేసి ఉన్నాయి. అందుకని దిర్హమ్ రేటు పెరిగిందంటే డాలరు పెరిగిందనే అర్థం. కువైట్ దినార్ ఒక్కటి కొన్ని కరెన్సీల బుట్టతో నడుస్తుంది, అది కాస్త వేరుగా కదులుతుంది. డాలరు 90 అయితే దిర్హమ్ 24.50. జగిత్యాలలోనో కడపలోనో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన వీసా అప్పు ఉంటే ఒక్కో దిర్హమ్‌కు నెల అద్దె 49 పైసలు. ఆ 49 పైసలు దిర్హమ్‌లో రావాలంటే డాలరు నెలలో 1.80 పెరగాలి. అలా అరుదుగా జరుగుతుంది. అప్పు తీరేదాకా రేటు చూడకుండా పంపండి. రెండు రూపాయలు ఎక్కువిస్తామనే హవాలా జోలికి పోకండి. చట్టవిరుద్ధం సరే, ఆ డబ్బు పోతే ఫిర్యాదు చేయడానికి చేతిలో రసీదు కూడా ఉండదు.

తిరిగొచ్చాక జేబులో మిగిలిన నోట్లు 2,000 డాలర్ల దాకా ఉంచుకోవచ్చు. అంతకు మించినవి 180 రోజుల్లో బ్యాంకులోనో మనీ చేంజర్ దగ్గరో మార్చేయాలి. నాణేలు మాత్రం ఎవరూ తీసుకోరు, అక్కడే ఖర్చు పెట్టి రండి.