స్మార్ట్ లాక్ బిగించే ముందు తలుపు చూసుకోండి

ఫోన్‌తోనో కోడ్‌తోనో తెరుచుకునే స్మార్ట్ లాక్ కొందామనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఎవరైనా హ్యాక్ చేస్తారా?" అని. దాని సంగతి కింద చెప్తాను. ముందు మీ తలుపు తెరిచి, ద్వారబంధంలో బోల్టు దూరే చోట ఉన్న రేకు చూడండి. దాన్నే స్ట్రైక్ ప్లేట్ అంటారు. చాలా ఇళ్లలో అది ముప్పావు అంగుళం స్క్రూలు రెండింటి మీద నిలబడి ఉంటుంది. గట్టిగా తంతే బోల్టు విరగదు, ఆ స్క్రూలు పట్టుకున్న చెక్క చీలిపోతుంది. ఎంత ఖరీదైన లాక్ పెట్టినా ఆ చెక్క మారదు కదా, అందుకే పని అక్కడ మొదలుపెట్టమంటున్నాను.

స్ట్రైక్ ప్లేట్‌ని మందపాటి స్టీల్‌దానితో మార్చి, ద్వారబంధం వెనక చెక్క ఉంటే 3 అంగుళాల స్క్రూలు ఆ చెక్క దాకా దించండి. వెనక ఇటుకో కాంక్రీటో ఉంటే ద్వారబంధాన్నే గోడకి పట్టి ఉంచే యాంకర్ బోల్టులు వేయించాలి. మడతబందుల్లోనూ ఒక్కో దానికి ఒక పొడుగు స్క్రూ మార్చండి. స్మార్ట్ లాక్ అసలు కొనకపోయినా సరే, ఈ ఒక్క పని మాత్రం చేయండి.

ఇప్పుడు డెడ్‌బోల్ట్ సంగతి. తలుపు వేయగానే టక్కున పడే లాచ్‌లో స్ప్రింగ్ ఉంటుంది. సరిగ్గా కుదరని లాచ్‌ని సన్నటి ప్లాస్టిక్ కార్డుతో వెనక్కి నెట్టేయొచ్చు. డెడ్‌బోల్ట్‌లో ఆ స్ప్రింగ్ ఉండదు, తాళం చెవో లోపలి నాబో తిప్పితేనే కదులుతుంది. మంచి డెడ్‌బోల్ట్ అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల పొడవు బయటికి వస్తుంది. చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది: బోల్టు పూర్తిగా బయటికి వచ్చినప్పుడే అది లోపల లాక్ అవుతుంది. ద్వారబంధంలో రంధ్రం లోతు చాలక సగంలో ఆగిపోయిందంటే, చూడ్డానికి తాళం పడినట్టే ఉంటుంది గానీ బోల్టుని వెనక్కి నెట్టేయడానికి అవకాశం ఉంటుంది. తలుపు తెరిచి ఉంచి బోల్టు ఎంత బయటికి వస్తోందో కొలవండి, తర్వాత రంధ్రంలో ఒక పుల్ల పెట్టి లోతు కొలవండి. రంధ్రమే కాస్త ఎక్కువ లోతుండాలి.

తర్వాత తలుపు మూసి, ఒంటి చేత్తో, తలుపుని లాగకుండా, ఎత్తకుండా, భుజంతో నెట్టకుండా నాబ్ తిప్పి చూడండి. ఏ మాత్రం పట్టేసినట్టు అనిపించినా స్మార్ట్ లాక్ ఇప్పుడే వద్దు. మన చేతికి తెలుసు తలుపుని కొంచెం పైకెత్తి తిప్పాలని, మోటారుకి తెలియదు. అది బోల్టుని రాపిడితోనే తోస్తుంది, బ్యాటరీలు తొందరగా అయిపోతాయి, చివరికి జామ్ అని యాప్‌లో మెసేజ్ వస్తుంది. లాక్ బాగోలేదని తిట్టుకునే వాళ్లలో చాలామంది అసలు సమస్య ఇదేనని నా నమ్మకం. ఎక్కడ రాసుకుంటోందో తెలియాలంటే బోల్టు కొసకి సుద్దముక్క రాసి ఓసారి తాళం వేయండి, మచ్చ పడిన చోటే ఆకురాయితో అరగదీయాలి. దానికంటే ముందు పై మడతబందు స్క్రూలు బిగించండి, తలుపు వాలిపోవడం ఒక్కోసారి దాంతోనే సర్దుకుంటుంది. చెక్క తలుపైతే తేమ రోజుల్లో ఉబ్బుతుంది కాబట్టి కొంచెం సందు వదలాలి.

కొనేటప్పుడు డబ్బా మీద గ్రేడ్ చూడండి. అమెరికా ప్రమాణాల్లో ఆన్సీ/బీహెచ్ఎంఏ (ANSI/BHMA) గ్రేడ్ 1, 2, 3 అని ఉంటాయి, 1 అన్నిటికంటే గట్టిది. గ్రేడ్ 1 డెడ్‌బోల్ట్ 2,50,000 సార్లు వేసి తీసే పరీక్ష తట్టుకోవాలి, గ్రేడ్ 3కి 1,00,000 చాలు. యూరో సిలిండర్ (తాళం చెవి దూరే భాగం విడిగా ఊడివచ్చే రకం) వాడే తలుపులకి వేరే భయం ఉంది, సిలిండర్ మధ్యలో స్క్రూ రంధ్రం దగ్గర సన్నగా ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన భాగాన్ని పట్టుకుని విరిచేస్తారు. అది బయటి ప్లేటు కంటే 3 మిల్లీమీటర్లకి మించి పైకి రాకుండా చూసుకోండి. బ్రిటన్ ప్రమాణం టీఎస్ 007లో మూడు నక్షత్రాలున్న సిలిండర్ అయితే నిశ్చింత. పాత తాళాన్ని అలాగే ఉంచి లోపలి వైపు మాత్రమే బిగించే స్మార్ట్ లాకులు కూడా ఉన్నాయి. వాటి గట్టిదనం పూర్తిగా మీ పాత సిలిండర్‌దే, అది నాసిరకం అయితే ముందు దాన్ని మార్చండి.

సరే, హ్యాకింగ్. భయం ఊరికే పుట్టలేదు. 2016లో డెఫ్ కాన్ అనే హ్యాకర్ల సదస్సులో ఆంథొనీ రోజ్, బెన్ రామ్సే అనే పరిశోధకులు 16 బ్లూటూత్ లాకులు పరీక్షించి 12 తెరిచి చూపించారు. కొన్నింట్లో పాస్‌వర్డ్ గాలిలో మామూలు అక్షరాల్లోనే వెళ్తోంది! 2022లో ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు దూరంగా ఉన్న ఫోన్ సిగ్నల్‌ని తలుపు దాకా మోసుకొచ్చి, ఫోన్ పక్కనే ఉందని లాక్‌ని నమ్మించారు. అందుకే మీరు దగ్గరికి రాగానే దానంతటదే తెరుచుకునే సౌకర్యం వాడకపోవడమే మేలని నా అభిప్రాయం, ఒక్క బటన్ నొక్కడం పెద్ద కష్టం కాదు.

అయితే మామూలు ఇంటికి ఇంతకంటే దగ్గరి ప్రమాదం మీ అకౌంటే. వేరే ఎక్కడో వాడిన పాస్‌వర్డ్‌నే లాక్ యాప్‌కీ పెట్టారంటే, అక్కడ అది బయటపడిన రోజు ఇంటి తాళం కూడా బయటపడినట్టే. కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటిది కూడా అడిగేది) ఆన్ చేయండి, అది లేని లాక్‌ని నేనైతే కొనను. కోడ్ ఆరంకెలు పెట్టండి, నాలుగంకెలకి 10,000 అవకాశాలే, ఆరుకి 10 లక్షలు. పుట్టినరోజులు, బండి నంబర్లు వద్దు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కోడ్ ఇవ్వండి, ఇంట్లో పని చేయడానికి వచ్చేవాళ్లకి ఆ వేళల్లో మాత్రమే పనిచేసే కోడ్ ఇవ్వండి, వాళ్లు మానేసిన రోజే తీసేయండి. నొక్కిన అంకెల మీదే వేలిముద్రలు పేరుకుంటాయి, కీప్యాడ్ అప్పుడప్పుడు తుడవాలి. ఫోన్ మార్చినా పోయినా ముందు ఆ ఫోన్‌ని యాప్ నుంచి తొలగించండి.

అప్‌డేట్లు తప్పక వేయాలి, కానీ వేసే తీరు ఉంది. 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ అనే కంపెనీ తప్పు అప్‌డేట్ పంపడంతో దాదాపు 500 లాకులు పనిచేయకుండా పోయాయి. కాబట్టి మీరు ఇంట్లో ఉన్నప్పుడు, తలుపు తెరిచి ఉంచి, చేతిలో తాళం చెవితో అప్‌డేట్ వేయండి.

బ్యాటరీ విషయంలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. చార్జ్ తగ్గిందన్న మెసేజ్‌లు నా ఫోన్‌కే వచ్చేవి, నేనేమో ఊళ్లో లేను. అమ్మ బయట నుంచి వచ్చేసరికి కీప్యాడ్ వెలగలేదు, తాళం చెవి ఇంట్లో సొరుగులో ఉంది. పక్కింటి వాళ్లింట్లో రెండు గంటలు కూర్చుంది పాపం. ఆ రోజు నాకు పట్టిన టెన్షన్ ఇంకెవరికీ వద్దు. ఇప్పుడు హెచ్చరిక అందరి ఫోన్లకీ వస్తుంది, తాళం చెవి ఒకటి నమ్మకమైన వాళ్ల దగ్గర ఉంది, పూలకుండీ కింద మాత్రం కాదు. కంపెనీ ఏ రకం బ్యాటరీ చెప్తే అదే వేయండి. లిథియం సెల్స్ చివరిదాకా వోల్టేజ్ నిలుపుకుని ఒక్కసారిగా పడిపోతాయి, రీచార్జబుల్‌వి మొదటి నుంచే తక్కువ వోల్టేజ్‌లో ఉంటాయి, రెండింటిలోనూ యాప్ చూపించే శాతం తప్పొచ్చు. తాళం చెవి రంధ్రం లేని లాక్ అయితే బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించే చోటో యూఎస్‌బీ పోర్టో ఉందా చూడండి, ఉంటే కొన్న వారంలోనే నిజంగా ప్రయత్నించి చూడండి.

ఇంకో ముఖ్యమైన మాట, లోపల కూడా తాళం చెవితోనే తెరవాల్సిన డెడ్‌బోల్ట్ పెట్టించకండి. నిప్పు అంటుకున్న రాత్రి పొగలో తాళం చెవి వెతికే టైమ్ ఉండదు. తలుపు పక్కన అద్దం ఉండి చెయ్యి దూరుస్తారని భయమైతే అద్దాన్ని గట్టిది చేయించండి.

బిగించేటప్పుడు తలుపు మందం, అంచు నుంచి రంధ్రం మధ్యకి ఉన్న దూరం కొలిచాకే ఆర్డర్ చేయండి, ఆ దూరం చాలా తలుపుల్లో 60 గానీ 70 మిల్లీమీటర్లు గానీ ఉంటుంది. స్క్రూలు చేత్తోనే బిగించండి, డ్రిల్‌తో ఎక్కువ బిగిస్తే లోపలి పట్టీ వంగి బోల్టు బిగుసుకుంటుంది. వైరు ప్లేటు కింద నలగకుండా చూసుకోండి. తలుపు తెరిచి ఉంచి ఒక ఇరవై సార్లు వేసి తీయండి, తర్వాత మూసి ఇంకో ఇరవై. ఆటో లాక్ ఆన్ చేసే ముందు తలుపు మూసిందో లేదో కనిపెట్టే సెన్సర్ అమర్చండి, లేకపోతే తెరిచి ఉన్న తలుపులోనే బోల్టు బయటికొచ్చి, మీరు తలుపు వేయబోతే ద్వారబంధానికి కొట్టుకుంటుంది. మొదటి వారం రోజులూ చెత్త పారేయడానికి బయటికెళ్లినా సరే తాళం చెవి జేబులో పెట్టుకునే వెళ్లండి.