టార్పన్ పడితే రాడ్ ఎత్తకండి: ఫ్లోరిడా కీస్‌లో ఫ్లై ఫిషింగ్ ఎలా చేయాలి?

మే నెల వచ్చిందంటే డాలస్ నుంచీ అట్లాంటా నుంచీ మనవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి టార్పన్ అనే పెద్ద సముద్రపు చేప కోసం ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న దీవుల వరుస, ఫ్లోరిడా కీస్‌లో దిగుతారు. బోలెడు డబ్బు పోసి గైడ్‌ని మాట్లాడుకుంటారు. పొద్దున్నుంచి ఎండలో నిలబడితే మధ్యాహ్నానికి ఒక్క చేప ఫ్లైని, అంటే హుక్‌కి ఈకలూ దారాలూ చుట్టి చేసిన తేలికైన ఉత్తుత్తి ఎరని, నోట్లో పెట్టుకుంటుంది. వెంటనే రాడ్‌ని ఆకాశానికి ఎత్తుతారు. చేప పోతుంది. సాయంత్రం హోటల్లో కూర్చుని "హుక్ మంచిది కాదురా" అనుకుంటారు. ఇది చూసి చూసి విసుగెత్తి రాస్తున్నాను.

ముందు ఒక మాట. టార్పన్ పులుసు పెట్టుకునే చేప కాదు. ఫ్లోరిడాలో పట్టి వదిలేయాల్సిందే. రికార్డు కోసమైతే ప్రత్యేకంగా ట్యాగ్ కొనాలి, ఆ గొడవ మనకొద్దు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇస్లమొరాడా, మారథాన్, కీ వెస్ట్ వెంబడి గుంపులుగా కదులుతాయి. 60 నుంచి 120 పౌండ్ల చేపలు మామూలే. ఫ్లై మీద రికార్డు 202 పౌండ్ల 8 ఔన్సులు, 2001లో ఫ్లోరిడా పశ్చిమ తీరంలో పడింది.

సామాను

11 వెయిట్ రాడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ రాడ్ బలం పెరుగుతుంది). 12 కొనమని షాపుల్లో చెప్తారు, వినకండి, మధ్యాహ్నానికి భుజం పట్టేస్తుంది. మంచి డ్రాగ్ (లైన్ పరుగుని ఆపే బ్రేకు) ఉన్న రీల్, 200 గజాలకు తగ్గని బ్యాకింగ్ (లైన్ వెనక రీల్‌కి చుట్టే అదనపు దారం), నీళ్ల మీద తేలే ఫ్లోటింగ్ లైన్. లైన్ కొసన 20 పౌండ్ల బలాన్ని ఆపే సన్నటి దారం, అదే టిప్పెట్, దాని చివర ఒక అడుగు పొడవున 60 పౌండ్ల ఫ్లోరోకార్బన్. ఈ చివరి ముక్క తప్పనిసరి, ఎందుకంటే టార్పన్ నోరు ఆకురాయిలా గరుగ్గా ఉండి సన్నటి లైన్‌ని అరగదీసి తెంపేస్తుంది. ఫ్లైలు రెండు రకాలు చాలు: టార్పన్ టోడ్, బ్లాక్ డెత్. రాగి రంగు పోలరైజ్డ్ కళ్లద్దాలు. అద్దె గైడ్ పడవలో ఆయన లైసెన్సే అందరికీ సరిపోతుంది. సొంత పడవైతే ఎవరి లైసెన్సు వాళ్లు తీసుకోవాలి.

పడవలో ఎవరి పని ఏమిటి

స్కిఫ్ అనే చిన్న పడవ మీద ముగ్గురే. ఒకరు ముందు రాడ్‌తో, ఒకరు వెనక గెడ వేస్తూ, మూడోవాడు మధ్యలో కూర్చుని నోరు మూసుకుని. ఈ మూడో పనే అందరికంటే కష్టం. మాట్లాడే హక్కు గెడ పట్టుకున్నవాడికి మాత్రమే ఉంటుంది, ఎత్తు మీద నిలబడి చేపని ముందు చూసేది అతనే కాబట్టి. దిక్కులు గడియారం లెక్కన చెప్తాడు: పడవ ముక్కు పన్నెండు గంటలు. "పది గంటలు, అరవై అడుగులు" అనగానే రాడ్‌తో ఆ వైపు చూపించండి, "ఇంకొంచెం కుడికి" అని అతను సరిదిద్దుతాడు. "అదిగో అదిగో" అని ముగ్గురూ అరిస్తే ఎవరికీ ఏమీ కనపడదు.

వంతు మారడం ముందే తేల్చుకోండి. అరగంట గడిచినా, ఒక చేప పడి పోయినా రాడ్ చేతులు మారాలి. ఈ ఒప్పందం లేక పడవ మీద మొహాలు మాడ్చుకున్న బావలూ బావమరుదులూ నాకు తెలుసు.

విసరడం

చెప్పులు విప్పండి. లైన్ మీద కాలు పడితే తెలియాలంటే ఉత్త కాళ్లే ఉండాలి. గాల్లో లైన్‌ని రెండుసార్లకు మించి ఆడించవద్దు. చేప వెళ్లే దారిలో నాలుగైదు అడుగుల ముందు ఫ్లై పడాలి. దాని కళ్లు పైకి చూస్తాయి, కింది దవడ కూడా పైకే తెరుచుకుంటుంది. అందుకని ఫ్లై చేప కంటే కాస్త పైనే ఉండాలి. దాని నుంచి పారిపోతున్నట్టు కదలాలి తప్ప ఎదురు వెళ్లకూడదు. తన మీదికి వచ్చే చిన్న చేపని ఏ టార్పనూ నమ్మదు.

అసలు ఘట్టం: నోట్లో పెట్టుకున్న తర్వాత పది సెకన్లు

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

రాడ్ కొన నీళ్లకు దగ్గరగా, సూటిగా చేప వైపే చూస్తూ ఉండాలి. ఎడమ చేత్తో లైన్‌ని లాగుతూ ఉన్నారు. చేప వెనకొచ్చింది, నోరు తెరిచింది, తెల్లగా మెరిసింది. మీ కుడి చెయ్యి పైకి లేవాలని చూస్తుంది. లేవనివ్వకండి. చేప ఇంకా మీ వైపే తిరిగి ఉంది. ఇప్పుడు లాగితే ఫ్లై తెరిచిన నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. అదే తీరులో లైన్ లాగుతూ ఉండండి. చేప నోరు మూసి పక్కకు తిరుగుతుంది, చేతికి బరువు తగులుతుంది. అప్పుడు, ఎడమ చేత్తోనే, వెనక్కి ఒక్క గట్టి లాగుడు. మళ్లీ ఇంకొకటి. రాడ్ కదలకూడదు.

టార్పన్ నోరంతా ఎముక. హుక్ దిగాలంటే సూటిగా బలం పడాలి. రాడ్ ఎత్తితే మీ బలమంతా దాని వంపులోనే పోతుంది, హుక్ దాకా వెళ్లేది అంతంత మాత్రం. కొలరాడో ఏరుల్లో ట్రౌట్ పట్టినవాళ్లకి ఎత్తడం అలవాటు, అక్కడ అది చెల్లుతుంది. వంతెనల కింద లంగరేసి బతికున్న పీతను సర్కిల్ హుక్‌కి (కొస లోపలికి గుండ్రంగా వంగిన హుక్) గుచ్చేవాళ్లకైతే అసలు లాగే అలవాటే ఉండదు, రీల్ తిప్పితే హుక్ దానంతటదే మూతి పక్కన దిగుతుంది. ఆ పద్ధతిలో ఎక్కువ చేపలు పడతాయని వాదిస్తారు. పడతాయి. కానీ రాత్రంతా ఎర నీళ్లలో వదిలి కూర్చునే దానికీ, కళ్లముందు చేప తల తిప్పి మీ ఫ్లైని చూడటానికీ పొంతనే లేదు.

హుక్ దిగగానే రెండో గండం. చేప పరిగెడుతుంది, మీ కాళ్ల దగ్గర పడి ఉన్న లైన్ అంతా పైకి లేస్తుంది. చేప వైపు చూడకండి, లైన్‌ని చూడండి. ఎడమ బొటనవేలు, చూపుడువేలు కలిపి ఉంగరంలా చేసి, చెయ్యిని ఒంటికి దూరంగా చాపి, దానిగుండా లైన్ పోనివ్వండి. రాడ్ మడమని, అంటే పిడి కింది కొసని, ముంజేతికి ఆనించి ఉంచండి, లేకపోతే లైన్ దాని చుట్టూ చుట్టుకుంటుంది. చేతి గడియారం, చొక్కా గుండీ, రీల్ పిడి, ఫోన్‌తో వీడియో తీసే స్నేహితుడి కాలు, ఏది తగిలినా టిప్పెట్ ఠప్పున తెగుతుంది. లైన్ వేలికి చుట్టుకుంటే వేలికే ప్రమాదం. చివరి మడత కూడా వెళ్లి లైన్ రీల్‌కి బిగిశాకే ఊపిరి పీల్చుకోండి.

ఎక్కువసేపు కాదు, ఎందుకంటే అది ఎగురుతుంది. గాల్లోకి లేవగానే నడుం వంచి, రెండు చేతులూ చాచి రాడ్‌ని చేప వైపు తోసేయండి. లైన్ వదులవ్వాలి. నీళ్లలో ఉన్నంతసేపు దాని బరువు నీళ్లు మోస్తాయి, గాల్లో ఆ బరువంతా తల విదిలింపుతో కలిసి మీ టిప్పెట్ మీద పడుతుంది. బిగుతుగా ఉన్న లైన్ మీద వంద పౌండ్ల చేప పడితే 20 పౌండ్ల దారం ఆగదు. నీళ్లలో పడగానే మళ్లీ బిగించండి.

హుక్ దించడం, లైన్ వదలడం, ఎగిరినప్పుడు వంగడం, ఈ మూడూ పడవ మీద నేర్చుకునేవి కావు. ఇంటి దగ్గర పార్కులో, ఫ్లై తీసేసి లైన్ కొసని స్నేహితుడి చేతికిచ్చి పరిగెత్తమనండి. కాళ్ల దగ్గర ముప్పై అడుగులు వదులుగా పెట్టుకుని మొదలుపెట్టండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

లాగులాట, వదలడం

రాడ్ నిటారుగా పెట్టి ఫొటోకి నిలబడితే గంటైనా చేప అలసిపోదు. రాడ్‌ని పక్కకు, కిందికి వంచి, అది తిరిగిన వైపుకి ఎదురు లాగండి. పైకొచ్చి గాలి మింగనివ్వకండి, మింగితే మళ్లీ బలం పుంజుకుంటుంది. అరగంట దాటినా, సుత్తితల సొరచేపో బుల్ షార్కో కనపడినా రాడ్‌ని సూటిగా చేపకి పెట్టి రీల్ పట్టుకుని లైన్ తెంపేయండి.

40 అంగుళాలు దాటిన టార్పన్‌ని నీళ్లలోంచి పైకి తీయకూడదని చట్టం. ఫొటో నీళ్ల పక్కన వంగే దిగండి. కింది దవడ పట్టుకుని, పడవని మెల్లగా ముందుకు పోనిస్తే మొప్పల్లోకి నీళ్లు వెళ్తాయి. అది బలంగా తల విదిలించగానే వదిలేయండి.

తర్వాత ఫ్లోరోకార్బన్‌ని వేళ్లతో తడిమి చూడండి. గరుగ్గా ఉంటే కోసేసి కొత్తది కట్టి, హుక్‌కి పదును పెట్టి, అప్పుడు రాడ్ తర్వాతివాడికి ఇవ్వండి.