లాక్టిక్ బ్యాక్టీరియా ఆమ్లానికి ఎలా అలవాటు పడుతుందో ప్రయోగం చేసి చూడటం ఎలా?

లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా చక్కెరను విరగ్గొట్టి శక్తి తీసుకుంటుంది. లాక్టోకాకస్ లాంటి రకాల్లో ఒక గ్లూకోజ్ అణువు నుంచి రెండు లాక్టిక్ ఆమ్ల అణువులు బయటికి పోతాయి, కణానికి రెండు ఏటీపీలు (కణం శక్తిగా ఖర్చుపెట్టుకునే అణువులు) మిగులుతాయి. అంటే తను బతకడానికి చేసే పనే తన చుట్టూ ఆమ్లాన్ని పెంచుతుంది. అయినా తట్టుకుంటుంది. పైగా, ముందు కొద్దిపాటి ఆమ్లంలో గడిపిన కణాలు ఆ తర్వాత తగిలే గట్టి దెబ్బకు అంత తేలిగ్గా చావవు. మైక్రోబయాలజీ ల్యాబ్ అందుబాటులో ఉంటే దీన్ని మీరే కళ్లారా చూడొచ్చు.

1. కల్చర్ సిద్ధం చేసుకోండి

మొదటిసారి చేసేవాళ్లకు లాక్టోకాకస్ లాక్టిస్ మంచిది. గ్లూకోజ్ కలిపిన ఎం17 బ్రాత్‌లో (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా పెరుగుతుంది.

2. చురుగ్గా పెరుగుతున్న కణాలనే తీసుకోండి

ప్రయోగం పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. రాత్రంతా పెరిగిన కల్చర్‌ను నేరుగా వాడితే తేడా ఏమీ కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి ఆ బ్రాత్ పులిసిపోయి ఉంటుంది, కణాలు పెరగడం ఆపేసి అప్పటికే రాటుదేలి ఉంటాయి. ఇక మీరు కొత్తగా అలవాటు చేసేదేముంది? అందుకే ఆ కల్చర్‌లోంచి ఒక శాతం తీసి తాజా బ్రాత్‌లో వేయండి. 600 నానోమీటర్ల కాంతి దగ్గర ఓడీ (కణాలు పెరిగేకొద్దీ ద్రవం ఎంత మసకబారిందో చెప్పే కొలత) 0.3 నుంచి 0.5 మధ్యకు రాగానే ఆపండి. పీహెచ్ కూడా చూడండి. 6.5 కంటే దిగిపోయి ఉంటే మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

3. రెండు భాగాలు చేయండి

సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి కణాలను అడుగుకు చేర్చి), ఒక భాగాన్ని పీహెచ్ 7 ఉన్న బ్రాత్‌లో, రెండోదాన్ని లాక్టిక్ ఆమ్లంతో పీహెచ్ 5.5కు తెచ్చిన బ్రాత్‌లో కలపండి. రెండింటినీ అరగంట 30 డిగ్రీల దగ్గరే ఉంచండి. తర్వాత రెండింటి ఓడీ సమానం చేయండి.

4. అసలు దెబ్బ కొట్టండి

ఇప్పుడు రెండు భాగాలనూ లాక్టిక్ ఆమ్లంతోనే పీహెచ్ 4.0కు తెచ్చిన బ్రాత్‌లోకి మార్చండి. ఎక్కడ చనిపోతాయన్నది జాతిని బట్టి మారుతుంది కాబట్టి ముందుగా 4.5, 4.0, 3.5 దగ్గర చిన్న ట్రయల్ వేసుకోండి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు వద్దు? లాక్టిక్ ఆమ్లం పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌ను వదిలి విడిపోయే పీహెచ్) 3.86. పీహెచ్ 5.5 దగ్గర వంద అణువుల్లో రెండు మాత్రమే విడిపోకుండా ఉంటాయి. 4.0 దగ్గర ఆ సంఖ్య నలభై దాటుతుంది. కణపొరను సులువుగా దాటేది ఈ విడిపోని రూపమే. లోపల పీహెచ్ ఎక్కువ కాబట్టి అక్కడికి చేరాక విడిపోయి ప్రోటాన్లను వదులుతుంది. అందుకే ఒకే పీహెచ్ దగ్గర కూడా హైడ్రోక్లోరిక్ కంటే లాక్టిక్ ఆమ్లమే కణాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది. ఈ బ్యాక్టీరియా నిజంగా ఎదుర్కొనేది కూడా దాన్నే.

5. బతికినవాటిని లెక్కపెట్టండి

0, 15, 30, 60, 120 నిమిషాలకు నమూనాలు తీసి, పెప్టోన్ సెలైన్‌లో పదింతల చొప్పున పలచన చేసి ప్లేట్ల మీద వేయండి. గొలుసులుగా అంటుకున్న కణాలు ఒకే కాలనీగా కనిపిస్తాయి కాబట్టి ముందు వోర్టెక్స్ చేయండి (మిషన్‌తో గట్టిగా కుదపండి). 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లనే లెక్కలోకి తీసుకోండి. ఉదాహరణకు పదివేల రెట్లు పలచన చేసి 0.1 మిల్లీలీటరు వేస్తే 42 కాలనీలు వచ్చాయనుకుందాం. మిల్లీలీటరుకు 42 లక్షల బతికిన కణాలున్నట్టు. ప్రతి సంఖ్యనూ ఆ భాగం సున్నా నిమిషాల లెక్కతో పోల్చి, లాగ్ స్కేల్ మీద గ్రాఫ్ గీయండి. అలవాటు పడిన భాగం గీత నెమ్మదిగా దిగాలి.

6. లోపల ఏం మారిందో వెతకండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ ఇది. కణానికి మొదటి ఆసరా ఎఫ్1ఎఫ్0 ఏటీపేజ్ అనే పంపు. ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను బయటికి తోస్తుంది. కానీ ఏటీపీ ఎక్కడినుంచి రావాలి? చాలా జాతుల్లో దానికి ఒక దారి ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం. దాన్ని విరిస్తే అమ్మోనియా వచ్చి ప్రోటాన్లను పట్టుకుంటుంది, అదనంగా ఒక ఏటీపీ కూడా దక్కుతుంది. గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాన్ని గాబా అనే పదార్థంగా మార్చే జాతులైతే ఆ చర్యలోనే ఒక ప్రోటాన్‌ను వాడేసుకుంటాయి.

పరీక్షించాలంటే కల్చర్‌ను పెంచేటప్పటి నుంచే ఒక సెట్‌కు ఆర్జినిన్ కలపండి, ఇంకోదానికి వద్దు. గ్లూకోజ్ ఎక్కువుంటే చాలా జాతుల్లో ఆర్జినిన్ దారి అణిగిపోతుంది కాబట్టి చక్కెర తగ్గించండి. లాక్టోకాకస్ లాక్టిస్‌లోని లాక్టిస్ ఉపజాతి ఆర్జినిన్‌ను విరుస్తుంది, దానికి దగ్గరి బంధువైన క్రెమోరిస్ మామూలుగా విరవదు. రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి.

మరో సెట్‌లో అలవాటు చేసే అరగంటా క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కలిపి, కొత్త ప్రోటీన్ల తయారీని ఆపేయండి. దెబ్బ కొట్టే ముందు మందు పోయేలా కణాలను కడగాలి. అప్పుడు రక్షణ మాయమైతే కణం కొత్త ప్రోటీన్లు తయారుచేసుకుని సిద్ధమైందన్నమాట. మాయం కాకపోతే, ఉన్న ఎంజైముల వేగం మార్చుకునే నెట్టుకొచ్చిందేమో చూడాలి. జాతిని బట్టి రెండు రకాల ఫలితాలూ వస్తాయి.