నలుగురికి నలుగురు: చిన్న బరిలో ఫుట్‌బాల్ శిక్షణ

ఆదివారం ఉదయం విశాఖపట్నంలో ఏ గ్రౌండుకు వెళ్లినా ముప్పాతిక భాగం క్రికెట్ ఆడేవారి చేతిలోనే కనిపిస్తుంది. మిగిలిన మూలలో పదహారు మంది పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పవలసిన కోచ్ వారిని ఎనిమిదేసి మందిగా విడదీసి ఒకే బంతి ఇస్తే, ఐదారుగురు దాని చుట్టూ మూగుతారు, తక్కినవారు నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తారు. అదే పదహారు మందిని నాలుగు జట్లు చేసి, పక్కపక్కనే రెండు చిన్న బరులు గీసి, నలుగురికి నలుగురిని ఆడిస్తే దాక్కోవడానికి ఎవరికీ చోటుండదు.

నలుగురే ఎందుకన్న ప్రశ్నకు డచ్ కోచ్‌లు చాలాకాలం క్రితమే జవాబు చెప్పారు. వెనక ఒకరు, ముందు ఒకరు, ఇరుపక్కలా ఒక్కొక్కరు నిలబడితే గాలిపటం ఆకారం వస్తుంది. వెనక ఉన్న ఆటగాడికి బంతి దొరికితే ఎదుట, కుడివైపు, ఎడమవైపు, మూడు దారులు తెరిచి ఉంటాయి. ముగ్గురైతే ఒక దారి తగ్గిపోతుంది.

బరి కొలత విషయంలో తొందర పనికిరాదు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల పూర్తి మైదానాన్ని ఇరవై ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి సుమారు 325 చదరపు మీటర్లు వస్తాయి. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల బరిలో ఎనిమిది మంది ఆడితే 75 మాత్రమే. చోటు తగ్గేకొద్దీ బంతిని అదుపు చేయడం, చటుక్కున మలుపు తిరగడం, ఎదుటివాడిని తప్పించుకోవడం వంటి పనులు పెరుగుతాయి. చోటు పెరిగేకొద్దీ పరుగు పెరుగుతుంది. కాబట్టి ఆ రోజు ఏది నేర్పాలో నిర్ణయించుకున్న తరువాతే కోన్‌లు పెట్టాలి. టేపు లేకపోతే కోచ్ తన అంగను ఒకసారి కొలుచుకుని ఉంచుకుంటే చాలు. అంగ ముప్పావు మీటరైతే 20 మీటర్లకు దాదాపు ఇరవై ఏడు అంగలు పడతాయి.

ఆ తరువాత పెట్టవలసినది నియమం, అదీ ఒక్కటే. మొదట్లో నేను ఒకే ఆటలో మూడు నియమాలు పెట్టి, పిల్లలు ఆట మానేసి నా ముఖం చూడడం గమనించి సిగ్గుపడ్డాను. బంతి రాకముందే చుట్టూ చూడడం నేర్పాలంటే బంతి అందిన ప్రతిసారీ ఒక్కొక్కరికి రెండు టచ్‌లే, అంటే రెండుసార్లే తాకాలి అనండి. మూడో టచ్‌కు బంతి పోగొట్టుకున్న పిల్లవాడు కాసేపటికి, పాస్ వచ్చేలోపే మెడ తిప్పి భుజం మీదుగా చూడడం మొదలుపెడతాడు. ఆ మెడ తిరగడమే మీరు ఎదురుచూడవలసిన గుర్తు. ఆట దిశ మార్చడం నేర్పాలంటే ఒక్కో చివర మూలల్లో రెండేసి చొప్పున మొత్తం నాలుగు చిన్న గోల్‌లు పెట్టండి. ఒకవైపు దారి మూసుకుపోతే రెండోవైపు చూడక తప్పదు. నియమం చేయగలిగిన పనికి గట్టు మీది నుంచి "పాస్, పాస్" అని అరవనక్కరలేదు.

నాలుగు నిమిషాల ఆట, రెండు మూడు నిమిషాల విశ్రాంతి, ఇలా నాలుగు విడతలు సరిపోతాయి. బయటికి పోయిన బంతి వెంట పరుగెత్తకుండా గీత పక్కన అదనపు బంతులు ఉంచాలి, లేకుంటే ఆట వేగం చల్లారిపోతుంది. సముద్రపు ఉక్కకు చెమట ఆరని ఏప్రిల్, మే నెలల్లో విడతను మూడు నిమిషాలకు కుదించి, ప్రతి విరామంలోనూ నీళ్లు తాగించాలి. ఆర్కే బీచ్ పొడి ఇసుకలో కాళ్లకు బలం వస్తుందేమో గాని బంతి దొర్లదు, కనుక పాసింగ్ పాఠానికి అది తగిన చోటు కాదు.

చిన్న బరిలో పూర్తి వేగంతో దూరం పరుగెత్తే అవకాశం రాదు, పొడవాటి పాస్‌కూ చోటుండదు. వాటిని విడిగా, 30-40 మీటర్ల స్ప్రింట్‌లతోనూ వారానికి ఒక పెద్ద మ్యాచ్‌తోనూ పూరించుకోవాలి.

చివరి విడతలో నియమాన్ని తీసివేసి స్వేచ్ఛగా ఆడనివ్వండి. కోచ్ అప్పుడు నోరు మెదపకుండా, ఎంతమంది ఇంకా భుజం మీదుగా చూస్తున్నారో లెక్కపెట్టుకోవాలి. ఆ సంఖ్య తక్కువైతే వచ్చే ఆదివారం కూడా అదే నియమం.