రేడియేషన్ తర్వాత మింగడం కష్టమైతే ఇంట్లో అన్నం ఎలా పెట్టాలి?

తింటుండగా ఎవరికైనా పొలమారితే నెత్తి మీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటూ మంచినీళ్ల గ్లాసు అందించడం మన ఇళ్లలో అలవాటు. నోటి క్యాన్సరుకో గొంతు క్యాన్సరుకో చికిత్స పొందినవారి దగ్గర ఈ అలవాటు మానుకోవాలి. వారికి పొలమారిందంటే ముద్దలో కొంత గాలిగొట్టం వైపు వెళ్లిందన్న మాట. అప్పుడు ఇచ్చిన నీళ్లు కూడా అటే పోవచ్చు. ముందుకు వంచి, దగ్గనివ్వండి. మాట, దగ్గు, ఊపిరి ఆగిపోతే మాత్రం రెండు భుజాల మధ్య వీపు మీద గట్టిగా 5 సార్లు చరుస్తూ, పక్కవారితో 108కి ఫోను చేయించండి.

మా నాన్నగారికి రేడియేషన్ అయ్యాక మొదటి నెలంతా మేము నీళ్లు అందిస్తూనే ఉన్నాం. తెలియక చేసిన తప్పు. మీరు అలా చేయకూడదనే ఇది రాస్తున్నాను.

గుటక పడటానికి పట్టేది దాదాపు ఒక్క సెకను. ఆ సెకనులోనే నాలుక ముద్దను వెనక్కి నెట్టాలి, అంగుడు ముక్కు దారిని మూయాలి, స్వరపేటిక పైకి లేచి దాని మీద మూత వాలాలి, అన్నవాహిక తెరుచుకోవాలి. వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు సాగే రేడియేషన్ వల్ల ఈ కండరాలు బిగుసుకుపోతాయి, నోట్లో తడి ఆరిపోతుంది. నాలుకలో కొంత తీసేసినవారికి ముద్దను నెట్టే బలమూ తగ్గుతుంది.

ముందు పరీక్ష

స్పీచ్ థెరపిస్ట్ అంటే నత్తి పోగొట్టేవారనే చాలామంది అనుకుంటారు. మింగడం నేర్పేదీ వారే. ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే మందు కలిపిన పదార్థం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తారు. ఇది ఎందుకు ముఖ్యమంటే, గొంతులో స్పర్శ మొద్దుబారినవారికి ఆహారం గాలిగొట్టంలోకి జారినా దగ్గు రాదు. దగ్గడం లేదు కదా అని ధీమాగా ఉండకండి. ఎలా కూర్చుని మింగాలో కూడా పరీక్ష చూశాకే తేలుతుంది. గడ్డం దించి మింగడం ఒకరికి మేలు చేస్తుంది, మరొకరికి పనికిరాదు. పక్కింటివారికి చెప్పిన పద్ధతిని మన ఇంట్లో ప్రయోగించకూడదు.

ఏం పెట్టాలి?

పలచనివి సులువుగా దిగుతాయని అనుకుంటాం. నిజానికి నీళ్లు, చారు, మజ్జిగ వేగంగా జారి, గాలిదారి మూసుకునేలోపే గొంతులోకి చేరతాయి. అంతకంటే చిక్కు, నీరూ మెతుకూ కలిసిన తిండి: చారన్నం, మజ్జిగన్నం, సాంబారులో ఇడ్లీ. నోరు మెతుకులను నములుతుండగానే నీరు వెనక్కి కారిపోతుంది.

మా నాన్నగారికి మజ్జిగన్నం అంటే ప్రాణం. అది మానమంటే ఆయన తిండే మానేసేలా కనిపించారు. అందుకని అన్నం జారుగా వండి, గట్టి పెరుగు, చిటికెడు ఉప్పు వేసి మిక్సీలో పలుకు లేకుండా తిప్పేవాళ్లం. చెంచాతో తీసి పక్కకు వంచితే ముద్దంతా ఒక్కసారిగా జారిపడాలి, నీళ్లలా కారకూడదు, చెంచాకు బంకలా అతుక్కోకూడదు. మొదటి రోజు అది అతుక్కుంది. ఇంకో చెంచా పెరుగు కలిపాక సరిగ్గా జారింది.

ముద్దపప్పులో నెయ్యి వేసి ఇదే విధంగా చేయవచ్చు. రాగి జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి పెట్టే ముందు మళ్లీ చూడండి. పొడిపొడిగా రాలే ఉప్మా, అటుకులు, జంతికలు వద్దు. ఊరగాయ కారం పుండు పడిన నోటిని మండిస్తుంది.

నీళ్లను చిక్కబరచమని థెరపిస్ట్ చెబితే సిరంజితో కొలవడం నేర్పమనండి. సూది లేని 10 మి.లీ. సిరంజి నిండా పోసి 10 సెకన్లు కారనివ్వాలి. లోపల 4 నుంచి 8 మి.లీ. మిగిలితే అది కొద్దిగా చిక్కని ద్రవం. సిరంజిలన్నీ ఒకే కొలతలో ఉండవు కనుక వారు చూపినదే వాడండి.

ఎలా పెట్టాలి?

మంచం మీద దిండ్లకు ఆనించి కాదు, కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. టీవీ ఆపండి. చిన్న చెంచాతో ఒక ముద్ద, ఒక గుటక, తర్వాత నోట్లో ఏమీ లేకుండా ఇంకో గుటక. నాలుగైదు ముద్దలకోసారి "ఆ" అనిపించండి. గొంతులో నీళ్లు నిండినట్టు గుడగుడమంటే అక్కడ ఏదో నిలిచిందని అర్థం. దగ్గి, మళ్లీ మింగాకే తర్వాతి ముద్ద. తిన్నాక అరగంట నడుం వాల్చనివ్వకండి. మాత్రలు నూరే ముందు మందుల షాపులోనైనా అడగండి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను నూరకూడదు.

ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పున్న వైపును నోట్లో పెట్టుకుని) తాగే స్త్రీలకు అంగుడు క్యాన్సరు వస్తుంటుంది. అంగుడులో కొంత తీసేస్తే తిన్నది ముక్కులోంచి వస్తుంది. ఆ ఖాళీని మూసే, తీసి పెట్టుకునే పళ్లసెట్టు వంటిదాన్ని దంతవైద్యులు చేసిస్తారు. సిగ్గుపడి తిండి తగ్గించుకోనక్కరలేదు.

గొంతుకు పని మానిపించకండి

ముక్కులోనో పొట్టకో గొట్టం అమర్చినా, డాక్టరు వద్దననంతవరకు మింగడం ఆపకూడదు. వాడని కండరం నీరసిస్తుంది. వ్యాయామాలు రేడియేషన్‌కు ముందే మొదలుపెడితే మరీ మంచిది. గట్టిగా బలం పెట్టి ఉమ్మి మింగడం ఒకటి. వెల్లకిలా పడుకుని, భుజాలు లేపకుండా తల ఎత్తి కాలివేళ్లను చూడటం మరొకటి. ఏవి, ఎన్నిసార్లు అన్నది థెరపిస్ట్ చెప్పాలి. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే దవడ పట్టేస్తోందని చెప్పండి.

లీటరు నీళ్లలో చిన్న చెంచా ఉప్పు, చిన్న చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మించండి. పన్ను పీకించాల్సి వస్తే ముందు రేడియేషన్ డాక్టరుకు చెప్పి తీరాలి, లేదంటే దవడ ఎముక మానకపోవచ్చు.

జ్వరం, ఆయాసం, పదేపదే వచ్చే నిమ్ము, బరువు తగ్గడం, అరగంటలో పూర్తికాని భోజనం కనిపిస్తే ఆలస్యం చేయకండి. చికిత్స ముగిసిన ఎన్నో ఏళ్లకు కూడా రేడియేషన్ తగిలిన కండరాలు బిగుసుకోవచ్చు. అంతా సర్దుకుందనుకున్న మనిషి కంచం ముందు మళ్లీ దగ్గుతుంటే, వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా ఆ పరీక్ష మళ్లీ చేయించండి.