బ్లూస్ ఫోటోకు ముందు చెవి కావాలి

అమెరికా నల్లజాతివారి పాటల సంప్రదాయం బ్లూస్. జూన్‌లో షికాగో మిలీనియం పార్కులో జరిగే బ్లూస్ ఫెస్టివల్‌కు మన తెలుగువాళ్లు బాగానే వస్తున్నారు. నగర పాలక యంత్రాంగమే జరుపుతుంది కాబట్టి టికెట్టు లేదు. పిల్లలు పరుగెత్తడానికి పచ్చిక ఉంది. శివారు నేపర్‌విల్‌లో రైలెక్కి యూనియన్ స్టేషన్లో దిగితే ఇరవై నిమిషాల నడక. వచ్చినవాళ్లలో సగం మంది మెడలో మంచి కెమెరాలే ఉంటాయి. తీసిన ఫోటోలు మాత్రం అన్నీ ఒకే తీరు: మైకు వెనక సగం దాగిన మొహం, తెరిచిన నోరు, మూసిన కళ్లు. లెన్సు మారిస్తే బాగుపడతాయా అని నన్ను అడుగుతుంటారు. లెన్సుల సంగతీ చెబుతాను గానీ, ముందు చెవుల సంగతి. ఈ సంగీతానికి ఒక కొలత ఉంది. అది పట్టుబడితే బటన్ ఎప్పుడు నొక్కాలో పాటే చెప్పేస్తుంది.

బ్లూస్ పాటల్లో ఎక్కువభాగం 12 బార్ల ఆవర్తనంలో తిరుగుతాయి. బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 48. నిమిషానికి 120 దెబ్బల హుషారు పాటైతే ఒక చుట్టు 24 సెకన్లలో ముగుస్తుంది. 60 దెబ్బల నెమ్మది పాటకు 48 సెకన్లు పడుతుంది. సాహిత్యం సాధారణంగా మూడు పాదాలు. మొదటి పాదం పాడతారు, అదే పాదాన్ని మళ్లీ పాడతారు, మూడో పాదంతో విషయం తేల్చేస్తారు. ఒక్కో పాదానికి నాలుగేసి బార్లు. ఆ నాలుగింటిలో గొంతుకు దక్కేది దాదాపు సగమే. మిగిలిన సగంలో గిటారో మౌత్ ఆర్గానో వంత పాడుతుంది.

అంటే ప్రతి చుట్టులోనూ ఒక పాదం మీకు రెండుసార్లు వస్తుంది. మొదటిసారి కెమెరా దించి చూడండి. ఏ మాట దగ్గర చెయ్యి లేచింది, ఎక్కడ భుజం కుదిపారు, ఎటు తిరిగారు, అన్నీ గమనించండి. అయిదో బారులో గిటారు పట్టు మారి పాట ఒక్కసారి పైకి లేచినట్టు వినిపిస్తుంది. అదే పాదం మళ్లీ మొదలైందని గుర్తు. ఆ చెయ్యి చాలావరకు మళ్లీ అక్కడే లేస్తుంది, మొదటిసారి కంటే ధాటిగా. ఈలోపు ఫోకస్ కుదుర్చుకుని కూర్చుంటారు కాబట్టి మీకు కంగారుండదు.

ఇంతకంటే విలువైన క్షణం ఇంకొకటుంది. పాదం ముగిసి గొంతు ఆగగానే గాయని మొహం మైకు నుంచి పక్కకు వస్తుంది. పెదవులు కలుస్తాయి. వంత అందుకున్న గిటారిస్టు వైపు ఒక చూపు చూస్తుంది, కొన్నిసార్లు కనుబొమ మాత్రమే ఎగరేస్తుంది. అడ్డం ఏమీ లేని మొహం మీకు దొరికేది ఆ రెండు బార్లలోనే. మామూలుగా అందరూ పాడుతున్నంతసేపూ టపటపా నొక్కి, ఆమె ఆగగానే కెమెరా దించి వెనక తెరలో చూసుకుంటూ ఉంటారు. మీరు సరిగ్గా తలకిందులుగా చేయండి. తెరలో చూసుకోవడం పాటల మధ్య పెట్టుకోండి.

గిటారు విషయంలో చూడాల్సింది తీగ లాగడం. బ్లూస్ గిటారిస్టు వీణ వాయించేవారిలాగే తీగను మెట్టు మీద పక్కకు సాగదీసి స్వరాన్ని పైకి తీసుకెళతాడు. ఆ సాగదీత మొహంలోకి వచ్చేస్తుంది. కళ్లు చికిలించడం, పెదవి కొరకడం, తల వెనక్కి వాల్చడం, ఎవరి అలవాటు వారిది. స్వరం ఎక్కుతున్నప్పుడే నొక్కండి. ఎక్కి నిలిచాక నొక్కితే మొహం అప్పటికే సడలిపోతుంది. ఇందులో ఇంకో లాభం: వీళ్లలో చాలామంది అంచు టోపీ పెట్టుకుంటారు. జూన్ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఇక్కడ సూర్యుడు దాదాపు 70 డిగ్రీల ఎత్తున ఉంటాడు, అంచు నీడ కళ్లను మింగేస్తుంది. తల వెనక్కి వాలినప్పుడే టోపీ కింద నుంచి వెలుతురు లోపలికి వెళుతుంది. పై స్వరం కోసం కాచుకోమనడానికి అదొక కారణం.

ఎక్కడ నిలబడాలన్నది వాద్యాన్ని బట్టి ఉంటుంది. కుడిచేతి వాటం గిటారిస్టుకు దండి మీ కుడివైపుకు చాచి ఉంటుంది. మెట్ల మీద వేళ్లు చూసుకోవడానికి తల అటే తిప్పుతాడు. కాబట్టి వేదిక మధ్య నుంచి కొంచెం కుడికి జరిగితే మొహమూ వేళ్లూ రెండూ దక్కుతాయి. మరీ జరిగితే దండి చివరి బిరడాలు గడ్డానికి అడ్డం వస్తాయి. ఎడమచేతి వాటమైతే ఇదంతా తారుమారు. ఆల్బర్ట్ కింగ్, ఓటిస్ రష్ వంటి ఎడమచేతి మహామహులు ఈ సంప్రదాయంలో ఉన్నారు కనుక, ఎవరు రాబోతున్నారో ముందే చూసుకుని చోటు పట్టండి. మైకు చేత్తో పట్టుకుని పాడేవాళ్లకు ఏ చేతిలో మైకుంటే దానికి అవతలి వైపు మీ స్థానం. డ్రమ్ములవాడి కోసం పళ్లేల మధ్య సందు వెతుక్కోవాలి, వేరే దారి లేదు.

మౌత్ ఆర్గాన్ దగ్గర కొంచెం ఓపిక పట్టాలి. 1940ల చివర్లో మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో, వీధి రొదను దాటి వినిపించడానికి యాంప్లిఫయర్లు పెట్టి వాయించిన కాలం నుంచి షికాగో పద్ధతి ఒకటే: వాద్యాన్నీ మైకునూ కలిపి రెండు అరచేతుల్లో మూసిపట్టి ఊదడం. ఎదురుగా నిలబడితే మీకు కనిపించేది ఒక పిడికిలి, దాని మీద రెండు కళ్లు. పూర్తిగా పక్కకు వెళ్లండి. అక్కడి నుంచి ఉబ్బే బుగ్గ, మైకు చుట్టూ ముడుచుకున్న వేళ్లు, మణికట్టు మీదుగా జారే తీగ, అన్నీ వరసలో కనిపిస్తాయి. వాయించేవాడు వేళ్లను తెరుస్తూ మూస్తూ ధ్వనిని మారుస్తుంటాడు. వేళ్లు విచ్చుకున్నప్పుడు లోపల లోహం తళుక్కుమంటుంది, అప్పుడు నొక్కండి.

పాట అయ్యాక కూడా అతన్ని వదలకండి. ఈ రకం మౌత్ ఆర్గాన్ ఒక్కొక్కటి ఒక్కో శ్రుతికి చేసి ఉంటుంది. అందుకని నడుం బెల్టులోనో చిన్న పెట్టెలోనో అరడజను పైన పెట్టుకుని వస్తారు. తర్వాతి పాట శ్రుతి చెప్పగానే కళ్లజోడు పైకి నెట్టి, అక్షరం చూసి ఒకటి ఎంచుకుని, తొడ మీద రెండు దెబ్బలు కొట్టి లోపలి తడి దులిపి నోటికి అందుకుంటాడు. నాకు పాటల మధ్య దొరికే ఆ పది సెకన్లంటే మహా ఇష్టం.

ఇక వెలుతురు. ప్రధాన వేదిక వాస్తుశిల్పి ఫ్రాంక్ గేరీ రూపొందించిన ప్రిట్జ్‌కర్ పెవిలియన్. 2004లో తెరిచారు. వేదిక దక్షిణానికి తిరిగి ఉంటుంది, మెరిసే ఉక్కు రేకులు దాని చుట్టూ విచ్చుకుని ఉంటాయి. పగటిపూట ఆ రేకులూ ఆకాశమూ ధగధగలాడుతుంటే మనుషులు కప్పు కింద నీడలో ఉంటారు. కెమెరాను తన ఇష్టానికి వదిలేస్తే రేకులకు వెలుతురు కొలిచి మొహాలను బొగ్గు చేస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటే వెలుతురు కొలిచే పద్ధతి) పెట్టి మొహం మీద కొలవండి, రేకులు తెల్లబోతే పోనివ్వండి. సాయంత్రం మిషిగన్ అవెన్యూ మేడల వెనక్కి సూర్యుడు ముందే దిగిపోతాడు. అస్తమయం ఎనిమిదిన్నర ప్రాంతంలో. ఈ రెంటి మధ్య వచ్చే మెత్తని వెలుతురులో మంచి ఫోటో తీయలేకపోవడమే కష్టం. భోజనాల వరసలో నిలబడే సమయం అది మాత్రం కాదు.

చీకటి పడ్డాక ఎల్‌ఈడీ దీపాలతో తలనొప్పి. ముదురు ఎరుపు, నీలం పడినప్పుడు ఆ ఒక్క రంగే పొంగిపోయి మొహంలో గీతలన్నీ చెరిగిపోతాయి. ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించి తీయండి. వీలైతే కాషాయమో తెలుపో దీపం తిరిగి వచ్చేదాకా ఆగండి. దీపాలు కూడా పాటతోపాటే మారతాయి, ఆ తిరుగుడును రెండు చుట్లలో పట్టేయవచ్చు. ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫోటో మీద అడ్డంగా చారలు పడే ప్రమాదముంది, మెకానికల్ షట్టరే మేలు. వేదిక వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే షట్టర్ వేగాన్ని 1/125 సెకనుకు దించి చూడండి.

మిగిలిన అంకెలు త్వరగా చెప్పేస్తాను. షట్టర్ వేగం పాడేవాళ్లకు 1/250, గిటారు మీటే చెయ్యి స్పష్టంగా కావాలంటే 1/500, ఆ చెయ్యి కాస్త అలికినట్టు ఉండాలంటే 1/100. రాత్రి ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) 3200 నుంచి 6400 దాకా భయం లేకుండా పెంచండి. కదిలిపోయిన ఫోటోను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, ఐఎస్ఓ పెంచితే వచ్చే గరుకును భరించవచ్చు. రా ఫార్మాట్‌లోనే (కెమెరా కుదించని, తర్వాత దిద్దుకోవడానికి వీలిచ్చే ఫైలు) తీయండి. 70–200 లెన్సుంటే రాజయోగమే. లేకపోతే 85 ఎంఎం ఎఫ్/1.8 ఒక్కటి చాలు, మిగతా దూరం కాళ్లతో సరిచేసుకోవచ్చు. ఫ్లాష్ ఇంట్లో వదిలేయండి. సంచులు తనిఖీ చేస్తారు, ఎలాంటి కెమెరాలకు అనుమతి ఉందో ఆ ఏటి నిబంధనలు చూసుకుని బయలుదేరండి. జూన్‌లో ఉరుముల వాన చెప్పకుండా వస్తుంది కాబట్టి రెండు పాలిథీన్ సంచులు, స్పీకర్ల దగ్గర నిలబడతారు కాబట్టి చెవుల్లోకి దూది కంటే మంచివేవైనా.

మొహం రంగు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన పెళ్లి ఆల్బమ్‌లలో చామనఛాయ పిల్లను పాలమీగడ చేసే అలవాటు ఒకటుంది. ఆ చెయ్యి ఇక్కడ పెట్టకండి. ఈ వేదికలెక్కే వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి కళాకారులు. ఎడిటింగ్‌లో నీడలను పైకి లాగితే వారి చర్మం బూడిదరంగుకు తిరిగి నిర్జీవంగా కనిపిస్తుంది. నుదుటి మీద, చెంప ఎముక మీద చెమట మెరుపు నిలిచేలా వెలుతురు కొలవండి. ఆ మెరుపు ఉంటే చుట్టూ ఎంత ముదురు రంగున్నా మొహం నిండుగా ఉంటుంది. కంప్యూటర్లో దిద్దేటప్పుడు వేదిక మీద చూసిన రంగును గుర్తు తెచ్చుకుని దాని దగ్గరే ఆగండి.

అలాగే, బ్లూస్ అనగానే నలుపు తెలుపులోకి మార్చేయడం. గిటారిస్టు బడ్డీ గై చుక్కల చొక్కా, దానికి జోడుగా చుక్కల గిటారు వేసుకుని తిరిగే మనిషి. ఎర్ర సూట్లు, బంగారు బూట్లు వేసుకుని వచ్చేవాళ్లు ముచ్చటపడి వేసుకున్న రంగులవి. వాటిని తీసేయడానికి మనమెవరం? దీపాలు రంగును పాడుచేసిన చోట మాత్రం నలుపు తెలుపు చక్కని ఆసరా. ఇంకో మాట: ప్రతి మొహంలోనూ దుఃఖం వెతకకండి. ఈ పాటల్లో ఎకసెక్కాలు, సరసాలు, అప్పులవాళ్ల మీద తిట్లు కావలసినన్ని. జనం నవ్వుతున్నారంటే గాయకుడు ఏదో అన్నాడని అర్థం, అతని మొహం అప్పుడే చూడాలి.

మీకు ఉన్నది ఒక్క పూటే అయితే చిన్న వేదికల దగ్గర గడపమంటాను. అక్కడ దూరం తక్కువ, కాపలా తక్కువ. ఒంటరిగా కుర్చీలో కూర్చుని మామూలు గిటారు వాయించే పల్లె బ్లూస్ కళాకారులు, జానపద గాయకులు ఇలాంటి చోట్లే దొరుకుతారు. ఇక్కడ కెమెరా చప్పుడు వినిపిస్తుంది. నిశ్శబ్ద (ఎలక్ట్రానిక్) షట్టర్ పెట్టుకోండి, పగలు కాబట్టి చారల గొడవ ఉండదు. లేదంటే పాట గట్టిపడిన చోటే నొక్కండి. మోకాళ్ల మీద కూర్చుంటే అతని కళ్ల మట్టానికి వస్తారు, వెనకున్నవాళ్లకూ అడ్డం తొలగుతుంది. చిటికెన వేలికి తొడిగిన గాజు గొట్టాన్ని తీగల మీద జరుపుతున్నప్పుడు దాని మీద పడే ఎండ చూడండి. కింద చెక్క మీద తాళం వేసే బూటును మరిచిపోకండి. ఒంటరి కళాకారుడికి డ్రమ్ము అదే, మడమ అరుగుదల చూస్తే తెలిసిపోతుంది.

జనాన్ని కూడా తీయండి, కానీ వేదికకు వెన్ను తిప్పి. ఈ పార్కు ఒకప్పటి ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే యార్డు మీద కట్టినది. షికాగో బ్లూస్ దిగ్గజ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ నుంచి రైల్లోనే ఈ ఊరు చేరారు. ఆయన 1983లో కన్నుమూశారు, మరుసటి ఏడే ఈ ఉత్సవం మొదలైంది. ఆయనలాగే అప్పట్లో వచ్చిన కుటుంబాల పిల్లలు, మనవలు ఇప్పుడు మడత కుర్చీలు తెచ్చుకుని పచ్చికలో కూర్చుంటారు. డెబ్బై దాటిన దంపతులు లేచి రెండడుగులు ఆడుతుంటే వారి వెనక మేడలూ, తల మీద స్పీకర్లు మోసే ఉక్కు గొట్టాల పందిరీ ఒకే ఫ్రేములో వస్తాయి. తీసే ముందు కళ్లతో అడగండి. తల ఊపితే తీయండి. పిల్లలనైతే పెద్దవాళ్లను నోరు తెరిచి అడిగాకే.

ఇంటికొచ్చాక పని మిగిలే ఉంటుంది. ముందు నిలబడిన గాయకుడి ఫోటోలు వంద మంది దగ్గర ఉంటాయి. వెనక నీడలో బాస్ వాయించినాయనకు తన మంచి ఫోటో ఒక్కటీ ఉండకపోవచ్చు. దిగి వచ్చాక పలకరించి పేరు, ఫోటో ఎక్కడికి పంపాలో అడిగి రాసుకోండి. వారంలోగా పంపండి, ఆలస్యమైతే మీరే మరిచిపోతారు. ఒక్కొక్కరికి నాలుగైదు మించి వద్దు, అన్నీ పంపితే ఏరుకునే భారం వాళ్ల మీద పడుతుంది. పొడుగు వైపు 2000 పిక్సెళ్లుంటే ఫోనుకూ పోస్టరు నమూనాకూ సరిపోతుంది. మొహం మీద మీ పేరు ముద్ర కొట్టకండి, మూలన చిన్నగా చాలు. ఆల్బమ్ అట్టకో ప్రకటనకో కావాలంటే వాళ్లే అడుగుతారు, ధర అప్పుడు మాట్లాడుకోవచ్చు.