క్షమించడం, తీర్పు దేవునికి అప్పగించడం: ఆచరణలో ఎలా?

క్షమించాలని తెలియని విశ్వాసి ఉండడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవారే ఎక్కువ. కొందరు "పోనీలే" అని పైపైన అనేసి, కొన్నాళ్లకు అదే మాట గుర్తొచ్చి మళ్లీ రగిలిపోతారు. బాకీ ఎంతో చూడకుండా పద్దు కొట్టేస్తే అంతే మరి.

మత్తయి 18లో యేసు చెప్పిన ఉపమానంలో లెక్క ఉంది. రాజు తన బాకీ అంతా వదిలేసినా, ఒక దాసుడు తనకు బాకీపడ్డ తోటి దాసుణ్ణి మాత్రం వదలలేదు. తోటి దాసుడు బాకీపడ్డది నూరు దేనారాలు. దేనారం కూలివాడికి ఒక రోజు కూలి, అంటే మూడు నెలలకు పైబడిన కష్టం. అది చిన్న నష్టమేమీ కాదు. కానీ రాజు మొదటి దాసుడికి వదిలేసింది పదివేల తలాంతులు. తలాంతుకు 6,000 దేనారాల చొప్పున ఆరు కోట్ల రోజుల కూలి! మీకు జరిగిన అన్యాయాన్ని తక్కువ చేసుకోనక్కర్లేదు, దేవుడు మీకు కొట్టేసిన బాకీ పక్కన పెట్టి చూస్తే చాలు.

కాబట్టి ముందు కాగితం తీసుకోండి. ఏం జరిగింది, దానివల్ల ఏం పోయింది, ఈ రెండే రాయండి. డబ్బు, పరువు, నిద్ర, స్నేహం, ఏది పోతే అది. "నలుగురిలో నన్ను అబద్ధికుణ్ణి అన్నాడు. అప్పటినుంచి ఇద్దరు నాతో మాట్లాడటం లేదు" అని రాయవచ్చు. "నా ఎదుగుదల ఓర్వలేక అన్నాడు" అని రాసి ఉంటే ఆ వాక్యం కొట్టేయండి. అది మీరు చూడలేదు, ఊహించారు. హృదయాల్లోని ఆలోచనలను ప్రభువే వచ్చి బయలుపరుస్తాడు, ఆ సమయం రాకముందే తీర్పు తీర్చవద్దని 1 కొరింథీయులకు 4:5 చెబుతుంది. తీర్పు దేవునికి వదలడం ఇక్కడే మొదలవుతుంది. చేసిన పనిని తప్పు అనవచ్చు. ఏ ఉద్దేశంతో చేశాడో, అతని గతి ఏమిటో మనం తేల్చలేం. ఊహలు కొట్టేశాక మిగిలేది మొదట అనుకున్నదానికంటే చిన్నగా ఉండొచ్చు, పెద్దగానూ ఉండొచ్చు. ఏదైనా సరే, మీరు వదలాల్సిన బాకీ అది.

తర్వాత దూలం సంగతి. ముందు నీ కంటిలోని దూలం తీసుకో, అప్పుడు సహోదరుని కంటిలో నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అన్నాడు యేసు (మత్తయి 7:5). నలుసు లేదనలేదు. గొడవలో మీ వంతు ఉంటే కాగితం వెనక రాయండి. లేకపోతే వదిలేయండి. దౌర్జన్యానికి గురైనవారి చేత లేని తప్పు వెతికించడానికి ఈ వాక్యాన్ని వాడకూడదు.

ఇక ప్రార్థన. మొదట మొర పెట్టుకోండి, కోపం దాచకండి. 109వ కీర్తన ఎంత కఠినంగా ఉన్నా శత్రువు మీదికి వెళ్లకుండా దేవుని దగ్గరికే వెళ్తుంది. ఆ తర్వాత కాగితం మీది అంశాలు ఒక్కొక్కటే చదువుతూ, వీలైతే పైకి వినబడేలా, ఇలా చెప్పండి: "ప్రభువా, ఇతడు నాకు ఈ నష్టం చేశాడు. దీనికి బదులు నేను తీర్చుకోను. ఈ వ్యాజ్యం నీకు అప్పగిస్తున్నాను." "పగతీర్చుట నా పని, నేనే ప్రతిఫలము నిత్తును" (రోమీయులకు 12:19) అన్న మాటను నమ్మితేనే చేయి వదలగలం. న్యాయాధిపతి లేడనుకుంటే మాత్రం ఆ పని మనమే ఎత్తుకుంటాం.

దీనికి ఎదుటివాడు రానక్కర్లేదు. మార్కు 11:25 ప్రార్థనలో నిలిచినప్పుడే క్షమించమంటుంది. లూకా 17:3 మాత్రం "అతడు మారుమనస్సు పొందినయెడల" క్షమించమంటుంది. పగ వదలడం ఈ రోజే మీకూ దేవునికీ మధ్య జరగవచ్చు. తెగిన బంధం తిరిగి కలవాలంటే అతని పశ్చాత్తాపం కావాలి. ఈ తేడా చెప్పకుండా "క్షమించావుగా, మళ్లీ కలిసిపో" అని ఒత్తిడి చేసే సంఘాల్లో దెబ్బతిన్నవారే రెండోసారి దెబ్బతింటారు. యోసేపు తనను బానిసగా అమ్మేసిన అన్నలను వెంటనే కౌగిలించుకోలేదు, తమ్ముడు బెన్యామీను విషయంలో వాళ్లు మారారో లేదో పరీక్షించాడు (ఆదికాండము 42–44). పౌలుకు చాలా కీడు చేసిన అలెక్సంద్రు అనే కంచరివాడి సంగతి చూడండి: ప్రభువే అతనికి ప్రతిఫలమిస్తాడని చెప్పిన పౌలు, అదే ఊపులో నీవు కూడా అతని విషయమై జాగ్రత్తగా ఉండమని తిమోతికి రాశాడు (2 తిమోతికి 4:14–15). పాత అప్పు మాఫీ చేసినంత మాత్రాన కొత్త అప్పు ఇవ్వాలని లేదు.

అతనితో మాట్లాడాలా? సహోదరుడైతే మత్తయి 18:15 ప్రకారం ముందు ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరితో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఒక సంఘటన, దాని ఫలితం, "నువ్వేమంటావు?" అన్న ప్రశ్న, అంతవరకే మాట్లాడండి. పాత చిట్టా విప్పకండి. తన తప్పు తెలియనివాడి దగ్గరికి వెళ్లి "నిన్ను క్షమించేశాను" అనడం నింద వేయడంతో సమానం. హింసకు భయపడాల్సిన చోటికైతే ఒంటరిగా వెళ్లవద్దు. నేరం జరిగితే పోలీసులకు చెప్పండి. కీడు చేసేవాడిని శిక్షించడానికి దేవుడు అధికారిని నియమించాడని రోమీయులకు 13:4 అంటుంది, కాబట్టి ఫిర్యాదు చేయడం పగ తీర్చుకోవడం కిందికి రాదు. పిల్లల మీద జరిగిన నేరాన్ని క్షమాపణ పేరుతో సంఘంలోనే సర్దేయడం పాపాన్ని కప్పిపుచ్చడమే.

జ్ఞాపకం తిరిగి వస్తుంది. వచ్చినంత మాత్రాన క్షమించలేదని కాదు. ఆ అంశానికే అదే ప్రార్థన మళ్లీ చేసి, అతని కోసం ఒక మేలు అడగండి. ఆరోగ్యమో, మారుమనస్సో, ఏదో ఒకటి. అన్నిటికంటే ముందు మానాల్సింది సంగతిని అందరికీ చెప్పుకోవడం. "ప్రార్థన అంశం" పేరుతో చెప్పినా అది చాడీయే. సలహా కావాలంటే కాపరికో, నోరు జారని ఒక్క మనిషికో చెప్పండి.

అతనికి జబ్బు చేసిందని, నష్టం వచ్చిందని వింటే "దేవుడు చూపించాడు" అనుకోకండి. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పాపులు కారని యేసు తేల్చి చెప్పాడు (లూకా 13:4–5). అతను ఇప్పటికే చనిపోయి ఉంటే వెళ్లి మాట్లాడే మెట్టు ఒక్కటే తగ్గుతుంది. కాగితం, ప్రార్థన యథాప్రకారమే.